ఫేహీన్ పూడ్చిన గండి

మక్దారాకి కాళ్ళకంటే ముందు నోరు అలిసిపోయేది. పొద్దున్నే రేవులో జట్కా నిలబెట్టుకుని, ఆ రోజు చెప్పాల్సిన కబుర్లన్నీ తలుచుకుంటే చాలు, దవడలు లాగేసేవి. కోట ఎవరు కట్టారు, చలికాలం ఇక్కడ ఎలా గడుస్తుంది, చేపలు ఇంకా పడుతున్నారా, ఇన్ని గోడలెందుకు. లాంచీ దిగిన ప్రతివాడూ ఆ ప్రశ్న లోకంలో తనకొక్కడికే తట్టినట్టు అడుగుతాడు. మక్దారా కూడా జవాబు తనకి ఆ క్షణాన్నే తట్టినట్టు చెప్పాలి. జట్కావాడి బతుకంతా అందులోనే ఉంది.

"ఇన్ని గోడలెందుకండీ?"

"మరి ఇన్ని రాళ్ళని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదండీ."

వాళ్ళు నవ్వుతారు. నవ్వు అయ్యాక అతను బెస్సీని అదిలిస్తాడు. నవ్వుకీ అదిలింపుకీ మధ్య ఎంతసేపు ఆగాలో ఆ గుర్రానికి కూడా కంఠతా వచ్చేసింది. ఈమధ్య అతను అదిలించకముందే కదిలిపోతోంది, ఇంక చాల్లే పద అన్నట్టు.

మా ఇనిష్‌క్లో దీవిలో రోడ్డు ఒక్కటే. రేవులో మొదలై, చర్చి పక్కనుంచి, పబ్బు ముందునుంచి, కోట కొండ దిగువదాకా ఈడ్చుకుంటూ పోయి అక్కడ ఆగిపోతుంది. ఆ చివరనే మక్దారా ఇల్లు. ఆ రోడ్డు మీద రోజుకి ఎన్నిసార్లు తిరిగాడో అతను లెక్క పెట్టుకోలేదు. పెట్టుకుంటే మర్నాడు లేవబుద్ధి కాదు.

సెప్టెంబరు వచ్చేసింది. గాలి మారింది. రేవులో వరసగా నాలుగు జట్కాలు, వాటికి ముందు కోల్మన్ మినీబస్సు. కోల్మన్ కుర్రవాడేం కాదు, నలభై దాటినవాడే, కానీ బస్సు ఉంది కాబట్టి కుర్రవాడి కింద లెక్క. అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం మక్దారా, నీ గుర్రం పక్కటెముకలు ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి. దానికి టికెట్టు పెట్టరాదూ? కోటకంటే ఎక్కువమంది వస్తారు చూడ్డానికి."

"నీ బస్సుకి ఎముకలెక్కడివిరా, అంతా తుప్పే."

మిగతా జట్కావాళ్ళు నవ్వారు. కోల్మన్ బస్సు దిగి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"నవ్వులాటకి కాదు. సీజను అయిపోగానే అవతలి ఒడ్డు గాల్వే నుంచి గుర్రాల బేరగాడు వస్తున్నాడు. ఇదిలా ఉంటే చలికాలం గట్టెక్కదు, నీకూ తెలుసు. ఇంకా నాలుగు కాళ్ళమీద నిలబడి ఉన్నప్పుడే ఇచ్చెయ్."

"ఇచ్చేసి నేనేం చెయ్యను?"

"నా బస్సెక్కు. నేను తోల్తా, నువ్వు కబుర్లు చెప్పు. నీ నోటిముందు ఎవడు ఆగుతాడు!"

కోల్మన్ మంచికే అన్నాడు. మక్దారాకి ఒళ్ళు మండింది అందుకే. ఎగతాళి అయితే తిప్పికొట్టొచ్చు, జాలిని ఏం చేస్తాం? అతను బెస్సీ మెడ మీది తోలుపట్టీ సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

బెస్సీ చిక్కిపోయిన మాట నిజం. ఆ ఏడు వానల్లేవు. ఇంటి వెనక దొడ్డిలో గడ్డి అంతా జూన్‌కే అయిపోయి బండ బయటపడింది. అలాగని గడ్డి లేకపోలేదు. కోట కిందున్న గరువులో, ఆ మెట్ట చేలో, మోకాళ్ళలోతు గడ్డి నిలువునా ఎండుతోంది. ఆ గరువు మక్దారాదే. అందులోకి గుర్రాన్ని వదిలితే చలికాలం నాటికి ఒళ్ళు చేస్తుంది, బేరగాడి అవసరం రాదు. అయినా మక్దారా వదలడం లేదు. ఎందుకు వదలడం లేదో ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకుంటున్నారు. అసలు సంగతి మాత్రం గండి.

మా పొలాలకి గేట్లుండవు. చెక్క కావాలంటే అవతలి ఒడ్డునుంచి రావాలి, రాయి అయితే కాళ్ళకిందే ఉంది. పశువుని లోపలికి తోలాలంటే గోడలో ఒకచోట రాళ్ళు దించి గండి కొడతాం, తోలాక మళ్ళీ పేర్చి పూడుస్తాం. బయటికి తియ్యాలంటే మళ్ళీ అదే భాగోతం. బయటినుంచి వచ్చినవాళ్ళకి ఇది పిచ్చిపనిలా ఉంటుంది. మాకు తలుపు తీసి వేసుకోవడమే. అయితే పూడ్చడం వచ్చి ఉండాలి. మరీ బిగిస్తే మర్నాడు విప్పలేం. వదులుగా పెడితే ఏ ఆవో మెడ రుద్దుకునేసరికి గోడ కాళ్ళమీద పడుతుంది.

మా దీవి పడమటి కొసన అంత బాగా గండి పూడ్చే మనిషి మక్దారా అన్న ఫేహీన్. అన్నదమ్ములిద్దరూ పెళ్ళిళ్ళు లేకుండా ఒకే ఇంట్లో ముసలివాళ్ళయ్యారు. ఎందుకు కాలేదురా అని అడిగితే, "వాడు మాట్లాడ్డం ఆపితే కదా" అని ఫేహీన్ తమ్ముణ్ణి చూపించేవాడు. "వీడు మాట్లాడ్డం మొదలుపెడితే కదా" అని మక్దారా అన్నని చూపించేవాడు. పొలం, ఆవులు ఫేహీన్‌వి. గుర్రం, జట్కా, వచ్చేపోయే జనం మక్దారావి. పొయ్యి మీద దుంపలు ఎవరు ముందొస్తే వాళ్ళు ఉడకేసేవాళ్ళు.

ఈ పంపకం ఊరికే కుదరలేదు. మీసాలు మొలిచిన కొత్తలో మక్దారా ఒకసారి ఆ గరువు గండి పూడ్చాడు. ఊళ్ళో డాన్సు ఉంది, తొందరలో ఉన్నాడు. గరువుకి దిగువన రోడ్డు, రోడ్డుకి అవతల గోడ లేని బండనేల, దాని చివర సముద్రంలోకి నిలువుగా దిగిన అంచు. ఆ రాత్రి పెయ్య గండి తోసుకుని బయటికొచ్చింది. పొద్దున్న చూస్తే అంచు కింద నీళ్ళలో తేలుతోంది. తండ్రి ఏమీ అనలేదు. ఫేహీన్ కూడా అప్పుడేమీ అనలేదు. కానీ ఆ తర్వాత మక్దారా ఎక్కడ గండి పూడ్చినా ఫేహీన్ వెనకాలే వచ్చి బూటుకాలితో ఒక్క తన్ను తన్నేవాడు. అంతా బొలబొలమని కూలిపోయేది.

"ఇది గండి కాదురా, కబుర్లు. చూడ్డానికి బానే ఉంది, నిలబడదు," అనేవాడు. అని తనే వంగి మళ్ళీ పేర్చేవాడు. కొన్నాళ్ళకి మక్దారా పేర్చడం మానేశాడు. ఎలాగూ తన్నేదానికి నడుం నొప్పెందుకు?

ఇంకొకటుంది. మా దీవిలో పని చేసుకుంటున్న మనిషి పక్కనుంచి ఊరికే పోకూడదు. "పనికి దేవుడి దీవెన" అనాలి. ఆ మనిషి తల ఎత్తకపోయినా తప్పులేదు గానీ, "నీకూ దీవెన" అని బదులు చెప్పాలి. వల బాగుచేసుకునేవాడికి అంటాం, దుంపలు తవ్వేదానికి అంటాం, గోడకట్టేవాడికి తప్పకుండా అంటాం. జట్కావాడికి అనం. కబుర్లు చెప్పుకుంటూ పగ్గాలు పట్టుకు కూర్చున్నవాణ్ణి చూసి పనికి దీవెన అని ఎవరికి తోస్తుంది? "జనం బాగున్నారా ఇవాళ?" అని అడిగి పోతాం. మక్దారా జన్మలో ఆ దీవెన అందుకోలేదు. సాయంత్రం దుంపల చిప్ప ముందు కూర్చుని ఫేహీన్ దాన్ని కెలికేవాడు.

"ఇవాళ దారినపోయే ప్రతివాడూ నన్ను దీవించాడు. నిన్నెవరైనా దీవించారా?"

"హాలండ్ నుంచొచ్చినావిడ థాంక్యూ అంది."

"థాంక్యూ కూడు పెడుతుంది గానీ దీవెన కాదురా. నడుం వంచితే వస్తుంది దీవెన. నాలిక వంచితే రాదు."

మక్దారా నవ్వేసి ఊరుకునేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని లోపల అనుకునేవాడు. రోజంతా పరాయివాళ్ళ ముందు హుషారుగా ఉండటం ఎంత ఒళ్ళు హూనం చేస్తుందో ఫేహీన్‌కి చెప్పి ఒప్పించలేకపోయాడు. ఇక చెప్పే అవకాశమూ లేకపోయింది.

పోయిన ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఫేహీన్ ఆవుల్ని గరువులోంచి ఇంటిదగ్గరకు తోలుకొచ్చి, గండి పూడ్చి, ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. టీ కప్పు పట్టుకున్నా చేతులు వెచ్చబడలేదు. "గరువు మూసేశాను. గడ్డి లేచేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు," అన్నాడు. ఎవరూ అంటే ఆ ఇంట్లో మక్దారా ఒక్కడే. ఆ వారం దాటకుండానే ఫేహీన్ పోయాడు. ఊరంతా వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ ఆ ఒక్క రోడ్డు మీదుగానే మోసుకెళ్ళి ఇసకలో పాతిపెట్టి వచ్చారు. వసంతంలో మక్దారా ఆవుల్ని అమ్మేశాడు. ఫేహీన్ బూట్లు మాత్రం తొడుక్కున్నాడు. మంచి తోలు, పారెయ్యడం ఎందుకని.

గడ్డి లేచింది. ఏప్రిల్లో లేచింది, మేలో పూసింది, ఆగస్టుకి తలలు వంచేసింది. పక్కింటి ఊనా రోజూ సాయంత్రం రోడ్డుపక్క కట్టేసిన తన మేకని విప్పి తెచ్చుకోవడానికి ఆ గరువు ముందునుంచే పోతుంది. ఆమెకి ఎనభై దాటాయి, నోరు మాత్రం ఇంకా పడుచుదే.

"ఒరే మక్దారా, గడ్డి లేచేదాకా అన్నాడురా మీ అన్న. గడ్డి కుళ్ళేదాకా అన్లేదు."

"నడుం పట్టేసింది ఊనా. తగ్గాక చూస్తా."

"ఆడలేక మద్దెల ఓడని... నీ నడుం సంగతి నాకు తెలీదూ? కూర్చుని కూర్చుని పట్టేసిన నడుం నాలుగు రాళ్ళెత్తితే అదే సర్దుకుంటుంది. ఆ గుర్రం మొహం చూడు, ఉపవాసాల్లో పాదిరిగారిలా అయిపోయింది."

నడుం సంగతి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ గండి ఫేహీన్ చేత్తో పూడ్చిన ఆఖరిది. దించితే మళ్ళీ అలా పేర్చడం మక్దారాకి చేతకాదు. అతను పేర్చింది కూలితే గుర్రం ఎటు పోతుందో కూడా తెలుసు. ఆ అంచు ఎక్కడికీ పోలేదు. రోజూ దాటిపోయేటప్పుడు ఒక్కసారి ఆ రాళ్ళవైపు చూసేవాడు. రాయికీ రాయికీ మధ్య సందుల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించేది. ఉన్నాయిలే అనుకుని ముందుకు పోయేవాడు. ఇల్లు ఖాళీ అయిపోయింది, కుర్చీ ఖాళీ అయిపోయింది, అదొక్కటే ఇంకా అన్న వదిలిన చోట వదిలినట్టుంది.

ఆ రోజు లాంచీలో అతని వంతుకి హాలండ్ దంపతులే వచ్చారు. ఇద్దరూ పొడుగ్గా ఉన్నారు, ఇద్దరికీ ఒకే రంగు వానకోట్లు. మర్యాదస్తులు. గుర్రం చిక్కిందని గమనించి, ఎక్కేముందు మేం మరీ బరువా అని అడిగారు.

"మీరేం బరువండీ! పోయిన వారం అమెరికావాళ్ళని లాగింది," అన్నాడు మక్దారా. ఇది కూడా పాత మాటే. వాళ్ళు నవ్వారు, బెస్సీ కదిలింది.

చర్చి దగ్గర చర్చి కబుర్లు, పబ్బు దగ్గర పబ్బు కబుర్లు. నోరు దాని దారిన అది పోతోంది, మనసు దాని దారిన అది బేరగాడి దగ్గర తిరుగుతోంది. గరువు పక్కకి వచ్చేసరికి ఆవిడ వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ గోడ వేరుగా ఉందే. వెలుగు కనిపిస్తోంది లోపల్నుంచి. పాడైందా?"

ఆ ప్రశ్న ఇంతకుముందెవరూ అడగలేదు.

"పాడవలేదండీ. అది మా అన్న పూడ్చిన గండి."

"ఇలాంటివి ఆయనే కడతారా?"

"ఇంక కట్టడు," అన్నాడు. జట్కాలో అంత నిశ్శబ్దం అతనికి అలవాటు లేదు. అయినా దాన్ని నింపే ఓపిక లేకపోయింది.

కోట కిందదాకా తీసుకెళ్ళి, కాలిబాట చూపించి, దిగేటప్పుడు కూడా ఇదే బాటన రండి అని చెప్పి పంపించాడు. తను రోడ్డుపక్క రాతి మీద కూర్చుని, సోడా రొట్టె మధ్యలో చల్లారిన పందిమాంసం ముక్క పెట్టుకుని నమిలాడు. నమలడం కూడా శ్రమగానే ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి.

తెరిచేసరికి వాళ్ళిద్దరూ బాట మీద లేరు. గరువులో ఉన్నారు. అడ్డదారిన దిగుతున్నారు, మోకాళ్ళలోతు గడ్డిలో చేతులు ఊపుకుంటూ. నేరుగా గండి వైపే వస్తున్నారు. గోడలో అన్నిటికంటే తేలిగ్గా కనిపించేది అదే కదా మరి.

"అటు కాదు! ఆగండి! అది ఎక్కకండి!"

జీవితమంతా మాట్లాడిన నోరు, తీరా పనికొచ్చే వేళకి గాలికి ఎదురైంది. మాట వాళ్ళదాకా పోలేదు. అతను పరిగెత్తాడు, పరుగు అనగలిగితే. ముందు ఆయన ఒక కాలు పెట్టాడు. పై రాయి కదిలింది. రెండో కాలు పెట్టాడు. అంతే, మధ్య భాగమంతా రోడ్డు మీదికి జారిపోయింది. ఆయన రాళ్ళతోపాటు కూర్చుండిపోయాడు. పట్టుకోబోయిన ఆవిడకి మోకాలి కింద గీరుకుని రక్తం వచ్చింది.

మక్దారా చేరేసరికి దుమ్ము కూడా అణిగిపోయింది. అతను ముందు ఆవిడ కాలు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. రాళ్ళవైపు చూడలేదు.

"క్షమించండి, క్షమించండి," అంటున్నాడు ఆయన. "మీ అన్నగారిది కదూ ఇది? నేను పెడతాను. అన్నీ మళ్ళీ పెట్టేస్తాను." అని వానకోటు విప్పి, నిజంగానే వంగి, ఒక్కొక్క రాయీ ఎత్తి పెట్టడం మొదలుపెట్టాడు. పెద్దవి పైన, చిన్నవి కింద. పిల్లలు ఇసకలో కట్టుకునే ఇల్లు దీనికంటే గట్టిగా ఉంటుంది. చివరికి చేతులు దులుపుకుని మక్దారా మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?"

తిట్టడానికి ఆ మొహంలో చెడ్డతనం లేదు.

"పర్వాలేదండీ. రాళ్ళే కదా. ఈ దీవిలో వాటికేం కరువు? పదండి, లాంచీ పోతుంది."

తిరుగుదారి పొడుగునా అతను కబుర్లు చెబుతూనే ఉన్నాడు. సముద్రపు నాచు మోసి పొలాల్లో మట్టి తయారుచేసిన ముత్తాతల సంగతి చెప్పాడు. చలికాలంలో వారం రోజులు లాంచీ రాకపోతే ఊరంతా ఒకే డబ్బా పంచదార పంచుకున్న సంగతి చెప్పాడు. వాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వారు కూడా. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

రేవులో వాళ్ళు లాంచీ ఎక్కి చెయ్యి ఊపేదాకా నిలబడ్డాడు. కోల్మన్ పక్కకొచ్చాడు.

"మొహం అలా ఉందేంటి? ఏమైంది?"

"ఏం కాలేదు. అలిసిపోయాను."

"బేరగాడికి ఇవాళ ఫోన్ చేస్తున్నా. నీ గుర్రం ఉందని చెప్పనా?"

మక్దారా బెస్సీ వైపు చూశాడు. చెప్పెయ్ అనబోయాడు. ఆ మాటకి కూడా ఓపిక కావాలి.

"రేపు చెప్తాలే," అన్నాడు.

ఖాళీ జట్కాతో ఇంటిదారి పట్టాడు. పొద్దు పడమరకి దిగుతోంది. గరువు దగ్గరికొచ్చేసరికి ఆ హాలండ్ ఆయన పెట్టిన రాళ్ళు అప్పుడే మళ్ళీ రోడ్డు మీద ఉన్నాయి. బెస్సీ ఆగింది. అదిలించాడు, కదల్లేదు. పగ్గం లాగాడు, మెడ బిగించింది. తర్వాత తాపీగా జట్కాతో సహా అడ్డం తిరిగి, కూలిన చోట మెడ చాపి, నోటినిండా గడ్డి పీక్కుంది. నమిలే చప్పుడు అతనికి వినిపించింది. ఆకలిగొన్న జంతువు నమిలే చప్పుడు విని కూడా పగ్గం లాగగలిగినవాడు మనిషి కాడు. మక్దారా దిగి, నొగలు దించి, తోలుపట్టీలన్నీ విప్పేశాడు. అది రాళ్ళమీదుగా జాగ్రత్తగా అడుగేసి లోపలికి పోయింది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇక గండి పూడ్చాలి. పూడ్చకపోతే రాత్రికి గుర్రం బయటికొస్తుంది. రోడ్డుకి అవతల అంచు ఉంది.

అతను కోటు విప్పాడు. కనిపించినవాటిలో మంచి రాళ్ళు ఏరి పక్కన పెట్టుకుని, కింద వరస వేసి, పైన ఇంకో వరస వేసి, నడుం పట్టుకుంటూ లేస్తూ వంగుతూ గోడ ఎత్తుదాకా తెచ్చాడు. చూడ్డానికి బానే ఉంది. వెనక్కి రెండడుగులు వేసి ఫేహీన్ బూటుతో తన్నాడు. బొలబొలమంది. ఒక రాయి వచ్చి కాలి మీద పడింది. రెండోసారి కట్టాడు. తన్నాడు. అదీ పోయింది.

మక్దారా రోడ్డు మీద కూలబడ్డాడు. గోళ్ళు చిట్లాయి. ఫిబ్రవరి నుంచి దాచుకున్న కోపం ఒక్కసారి పైకొచ్చింది.

"చచ్చేవాడివి చచ్చావు ఫేహీన్! ఇది నేర్పి చావకూడదూ? తన్నడానికి వచ్చిన కాలు, చూపించడానికి చెయ్యి రాలేదురా నీకు? ఇప్పుడెవడు తంతాడు? ఎవడు కడతాడు?"

అని ఏడ్చాడు. చావు రోజున ఏడవలేదు, వచ్చినవాళ్ళందరికీ కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు. గోడ అవతల బెస్సీ నముల్తూనే ఉంది.

ఏడుపు అయ్యాక తల ఖాళీ అయింది. ఖాళీ తలలోకి ఫేహీన్ చేతులు వచ్చాయి. తన్ని, వంగి, మళ్ళీ కట్టేటప్పుడు పక్కన నిలబడి చూసినవే. ఫేహీన్ ఎన్నడూ రాళ్ళు ఏరలేదు. చేతికి ఏది వస్తే అది ఎత్తేవాడు, ఎత్తింది మళ్ళీ కింద పెట్టేవాడు కాదు. "రాయి కోసం వెతక్కురా, రాయికి చోటు వెతుకు" అని గొణిగేవాడు. తమ్ముడికి చెబుతున్నాడో తనకి తను చెప్పుకుంటున్నాడో తెలిసేది కాదు. పెద్దవాటిని గోడకి అడ్డంగా, కొస బయటికి కనిపించేటట్టు పడుకోబెట్టేవాడు. సందులు పూడ్చేవాడు కాదు. గాలి పోవడానికి దారి ఉండాలి, గాలితో ఎవడూ కుస్తీ పట్టలేడు. మక్దారా ఇవన్నీ చూశాడు. చూసినంతసేపూ సిగ్గుతో, విసుగుతో చూశాడు కాబట్టి నేర్చుకున్నానని అనుకోలేదు.

లేచాడు. మూడోసారి మొదలుపెట్టాడు. ఈసారి ఏరలేదు. చేతికొచ్చిన వంకర రాయి చోటు దొరక్క చాలాసేపు చేతుల్లోనే ఉండిపోయింది, భుజాలు గుంజేశాయి, అయినా కింద పెట్టలేదు. చోటు దొరికాక అది కూర్చున్న చప్పుడు వేరుగా ఉంది. చీకటి పడుతుండగా ఆఖరి రాయి పెట్టి, వెనక్కి జరిగి, ఒళ్ళంతా కూడదీసుకుని తన్నాడు.

పైనున్న ఒక్క చిన్న రాయి దొర్లిపడింది. మిగతాదంతా నిలబడింది.

ఇంకోసారి తన్నాడు, నమ్మకం కుదరక. కాలు నొప్పెట్టింది. గోడ నిలబడింది.

వెనకాల మేక అరిచింది. ఊనా ఎప్పణ్ణుంచి అక్కడుందో తెలీదు. తాడు చేతికి చుట్టుకుని, తల పక్కకి వంచి గండినే చూస్తోంది. మక్దారా చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఇప్పుడు దెప్పుతుంది, రేపు పొద్దున్నకల్లా ఊరంతా దెప్పుతుంది అనుకుని సిద్ధపడ్డాడు.

"పనికి దేవుడి దీవెన, మక్దారా," అంది ఊనా.

వచ్చినవాళ్ళందరికీ అన్నిటికీ జవాబు చెప్పినవాడు, చిన్నప్పట్నుంచీ దారిలో వింటూ వచ్చిన రెండు మాటలు చెప్పలేకపోయాడు. మేక తాడు గుంజుతోంది. ఊనా కదల్లేదు. బదులు రాకుండా పోవడం మర్యాద కాదు కాబట్టి నిలబడి ఉంది.

"నీకూ దీవెన, ఊనా," అన్నాడు చివరికి.

ఊనా తలాడించింది. గండిని ఇంకోసారి పైనుంచి కిందదాకా చూసింది.

"వంకరగా ఉంది."

"ఉంది."

"రేపు పొద్దున లాంచీకి గుర్రాన్ని తియ్యాలంటే అంతా మళ్ళీ విప్పాలి."

"విప్పాలి."

"మళ్ళీ సాయంత్రం..."

"తెలుసు ఊనా."

ఆమె మేకతో ముందు నడిచింది. అతను తోలుపట్టీలు భుజాన వేసుకుని వెనక నడిచాడు. రాళ్ళ సందుల్లోంచి ఇంకా కొంచెం వెలుగు కనిపిస్తోంది. ఫేహీన్ గండిలో కనిపించినంత కాదు.

మర్నాడు రేవులో కోల్మన్ అతని చేతులవైపు చూశాడు. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"బేరగాడు జవాబు అడుగుతున్నాడు."

"రావద్దని చెప్పు."

"సరే, నీ ఇష్టం. సాయంత్రం లాంచీకి పెద్ద గుంపు వస్తోంది, నా బస్సు చాలదు. ఇంకో ట్రిప్పు వేస్తావా?"

మక్దారాకి ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. రాత్రి నిద్ర కూడా పట్టలేదు. బెస్సీ మెడ మీద చెయ్యి వేసి, లాంచీ వచ్చే వైపు చూస్తూ అన్నాడు.

"వెయ్యను. సాయంత్రం నాకు పనుంది."